నీళ్ల పళ్లేల మీద సర్వరు

నేను ఒక సర్వరును. కంప్యూటరునే, కాకపోతే నా ముందు కూర్చుని ఎవరూ టైపు చెయ్యరు. చక్కెర ఫ్యాక్టరీలో కాటా దగ్గర, చెరుకు ఆఫీసులో, జీతాల సెక్షన్లో కొట్టిందంతా తీగల వెంట వచ్చి నాలో పడుతుంది. అడిగినప్పుడు తిరిగి ఇస్తాను. అంతకు మించి నాకేమీ రాదు.

నన్ను ఎక్కడ బిగించారో నాకు తెలీదు. వీపు మీద రేకులో ఏదో దేశం పేరు ఉండేది, తుడిచి తుడిచి పోయింది. నాకు తెలిసిన మొదటి సంగతి ఫ్యాక్టరీ లారీ. నా పక్కన గంధకం బస్తాలు. గతుకు వచ్చిన ప్రతిసారీ డ్రైవరు దిగి నన్ను చూసుకుని వెళ్లేవాడు, పెళ్లికూతుర్ని తెస్తున్నట్టు. గేటు దగ్గర సన్యాసినాయుడు కొబ్బరికాయ కొట్టాడు. ఆయన మిల్లు ఫిట్టర్లకి పెద్ద మేస్త్రీ. నా చుట్టూ ఒకసారి తిరిగి, "ఇందులో తిరిగీది ఏటీ నేదేటి?" అన్నాడు. లోపల చిన్న ఫ్యాను ఉందని చూపించారు. తృప్తిపడ్డాడు. తిరిగేది ఒకటుంటే ఆయన లెక్కలో యంత్రమే.

కెమిస్టు సీసాలు పెట్టుకునే గది ఖాళీ చేసి నన్ను అందులో పెట్టారు. గది బయట చెప్పులు విడవాలని బోర్డు. ఏసీ కింద బకెట్టు. నన్ను చూసుకోవడానికి నూకరత్నం అనే ఆవిడ. పక్క ఊరే. కంప్యూటరు కోర్సు చదివి కాంట్రాక్టు మీద చేరింది. ప్రతి సీజను చివరా పర్మినెంటు చేస్తామనేవారు. ప్రతి సీజను మొదట్లో ఆ మాట ఎవరికీ గుర్తుండేది కాదు.

చక్కెర ఫ్యాక్టరీలో చీమ వెళ్లని చోటు ఉండదు. నా లోపల వెచ్చగా ఉంటుంది కూడాను. వచ్చిన ఏడాదే ఒక మధ్యాహ్నం ఆగిపోయాను. ఒకరు కరెంటు అన్నారు, ఒకరు వైరస్ అన్నారు. మూత విప్పితే గుడ్లతో సహా చీమలు. మర్నాడు నూకరత్నం ఇంటి నుంచి సత్తు పళ్లేలు తెచ్చి, నా బల్ల కాళ్ల కింద పెట్టి, నీళ్లు పోసింది. తీగలన్నీ పైకప్పు నుంచి వేలాడేలా కట్టించింది. ఇళ్లల్లో పిండివంటల డబ్బాకి చేసే పనే. ఆ తర్వాత ఒక్క చీమ నా దగ్గరికి రాలేదు. రోజూ గదిలోకి రాగానే ముందు పళ్లేలు చూసేది. నీళ్లు తగ్గితే పోసి, అప్పుడు కుర్చీలో కూర్చునేది.

నా వల్ల రైతుకి కావలసింది ఒక్కటే, కటింగు ఆర్డరు. ఫలానా వారం నీ చెరుకు కొట్టి తీసుకురా అని చెప్పే కాగితం అది. ఎవరు ముందు నాటితే వాళ్లకి ముందు రావాలి. ఆలస్యమైతే చెరుకు తోటలోనే ఎండి తూకం పోతుంది. నాటిన తేదీలు నాలో ఉండేవి గనక రైతులకి నేనంటే భయం. ఆఫీసులో ఎవరు ఏ పొరపాటు చేసినా "కంప్యూటర్లో పడలేదు" అనేవారు. రైతు కిటికీలోంచి నా వైపు చూసి వెళ్లిపోయేవాడు. మనుషుల్ని నిలదీస్తారు గాని నన్నెవరూ నిలదీయలేదు. అందుకే నాతో ఆఫీసు వాళ్లకి సుఖంగా ఉండేది.

ఎవరింట్లోనైనా చావు జరిగితే, మైలలో కత్తి పట్టరు కదా, ఆ రైతు వంతు పక్క తోట వాళ్లకి మార్చేది నూకరత్నం. వాళ్లిద్దరూ కిటికీ దగ్గరకొచ్చి సరేనంటే చాలు.

తర్వాత అవుట్‌సోర్సింగు వచ్చింది. కొత్త ఎండీ గారు బోర్డుకి చెప్పారు, చక్కెర తీయడం మన పని, కంప్యూటర్లు చూసుకోవడం మన పని కాదు, ఆ పని చేసేవాళ్లకి ఇచ్చేద్దాం అని. మాట తప్పేమీ కాదు. హైదరాబాదు కంపెనీ నుంచి సాకేత్ అనే కుర్రాడు వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు బయటే విడిచాడు. లోపలికొచ్చి నా కాళ్ల కింద చూసి ఆగిపోయాడు.

"మేడమ్, సర్వర్ కింద నీళ్లా?"

"చీమలండి."

"కరెంటుతో నడిచేదాని కింద నీళ్లు పెట్టారా?"

"చీమలు రాకూడదని కదండీ."

అతను నవ్వలేదు. ఫోను తీసి ఫోటో కొట్టుకున్నాడు. ఆ ఫోటో అతని రిపోర్టులో మొదటి పేజీలో వచ్చింది. బోర్డు మీటింగులో తెర మీద వేసి చూపించారట, అందరూ నవ్వారట. ఆ మీటింగులోనే ఒప్పందం ఖాయమైంది. ఇన్నేళ్లు నన్ను బతికించిన పళ్లేలే నన్ను ఇక్కడ ఉంచకూడదనడానికి సాక్ష్యమయ్యాయి.

బోర్డు ఒక మెలిక పెట్టింది. విజయదశమి దాటే లోపల నాలో ఉన్నదంతా హైదరాబాదు చేరిపోవాలి. చేరకపోతే ఈ సీజను పాత పద్ధతిలోనే నడుస్తుంది, తర్వాత సంగతి తర్వాత. చేరితే నూకరత్నంతో ఇక పని లేదు. ఈ మాట ఆవిడతో ఎవరూ చెప్పలేదు. నోటీసు బోర్డు మీద అంటించారు.

మా ఇంటర్నెట్టు లైను సన్నం. నాలోంచి మెల్లగా తోడుకుంటూ ఉన్నారు. టేపు మీద కాపీ తీసి బీరువాలో పెట్టడం ఆపమన్నారు, ఇకపై అంతా అక్కడే ఉంటుందని. ఆ వేసవి నుంచే నా లోపల డిస్కులో గరగరమని చప్పుడు మొదలైంది. నూకరత్నం నా మీద చెవి పెట్టి వినేది.

ఆయుధపూజ నాడు ఫ్యాక్టరీలో ప్రతి యంత్రం ఆగుతుంది. ఆగిన యంత్రానికే పూజ. తిరుగుతున్న దానికి బొట్టు పెట్టకూడదని సన్యాసినాయుడి నియమం. ఏటా ఆ రోజు నూకరత్నమే నన్ను వరసగా, జాగ్రత్తగా ఆపేది. ఆయన పసుపు, కుంకుమ పెట్టి, బెల్లం ముక్క నైవేద్యం పెట్టేవాడు. ఆ బెల్లాన్ని ఆవిడ వెంటనే తీసేసేది, చీమల భయానికి.

ఆ ఏడు ఆయన పూజ పళ్లెంతో వచ్చేసరికి నేను తిరుగుతూనే ఉన్నాను.

"ఏటే అమ్మా, ఈణ్ని ఇంకా ఆపనేదేటి?"

"కాపీ అవుతోంది నాయుడు మావయ్యా. ఆపకూడదు."

"ఏటా ఆగినోడే కదా. ఈ ఏడు ఈడేటి పాపం సేసినాడు?"

ఆవిడ హైదరాబాదుకి ఫోను చేసింది. మీ అభ్యర్థన నమోదైంది, మా ప్రతినిధి మిమ్మల్ని సంప్రదిస్తారు అంది ఒక గొంతు. ప్రతినిధికీ పండగే కాబోలు, సంప్రదించలేదు.

నాయుడు తలుపు దగ్గరగా వేశాడు. గొంతు తగ్గించాడు.

"ఇను. ఆపీ. పూజ కోసం ఆపినామంటే ఈ పేక్టరీలో అడిగీ మొగోడు నేడు. ఎండీ బాబే పొద్దున్న బాయిలరుకి హారతిచ్చినాడు. రేపు దశమి దాటిపోద్ది. ఈ సీజను నీదే."

ఆవిడ నా స్విచ్చు వైపు చూసింది. చూడలేదని నేను అనను. చెయ్యి బల్ల మీదికి వచ్చింది కూడా. అప్పుడే నా లోపల గరగరమంది.

"ఆపితే మళ్లీ లేవకపోతే?" అంది. "నాటిన తేదీలన్నీ దీన్లోనే ఉన్నాయి మావయ్యా. సగం అక్కడ, సగం ఇక్కడ. టేపు కూడా లేదు. పోతే ఎవరు ముందో ఎవరు వెనకో ఎవరు చెప్తారు? కాటా దగ్గర కొట్టుకుంటారు."

"లేత్తాదే. ఏటా లేచింది కదా."

"లేస్తుందని నువ్వు రాసిస్తావా?"

"నీ కోసం సెప్తంటే నన్ను రాసిమ్మంటావేటే!" ఆయనకి కోపం వచ్చింది. పళ్లెం తీసుకుని, నాకు బొట్టు పెట్టకుండానే వెళ్లిపోయాడు. ఆ ఏడు ఫ్యాక్టరీలో పూజ జరగని యంత్రం నేనొక్కదాన్నే.

నాకు నోరు లేదు. ఉంటే ఆ రోజు ఒక్క మాట చెప్పేదాన్ని. ఆ గరగర ముసలితనం, అంతే. నన్ను ఆపితే లేచేదాన్నే. తర్వాత ఆపినప్పుడు, అమ్మకానికి పనికొస్తానా అని మళ్లీ వెలిగిస్తే, ఠక్కున లేచాను కదా. అప్పుడా గదిలో ఆవిడ లేదు.

దశమి నాడు కాపీ పూర్తయింది. సాకేత్ ఫోను చేసి "చాలా బాగా సహకరించారు మేడమ్" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. "పర్లేదండి" అంది. ఫోను పెట్టేసి, పళ్లేల్లో నీళ్లు తగ్గాయేమో చూసి, పోసింది. నెలాఖరు దాకా అలాగే పోసింది. చివరి రోజు పళ్లేలు తీసి, నీళ్లు గుమ్మం బయట పారబోసి, తుడిచి సంచిలో పెట్టుకుంది. ఇంటి పళ్లేలు మరి. వెళ్లేముందు నా పక్కన ఏసీ ఆపాలా వద్దా అని కాసేపు నిలబడింది. ఆపకుండానే వెళ్లింది.

పని చెడిపోలేదు. ఆ మాట చెప్పాలి. కటింగు ఆర్డర్లు రైతుల ఫోన్లకే వచ్చాయి, చాలామందికి వేళకే వచ్చాయి. నా మీద వేసే నింద కూడా ఊరు దాటిపోయింది. ఇప్పుడందరూ "హైదరాబాదులో పడలేదు" అంటున్నారు. ఒకసారి మాత్రం తల గుండుతో ఒక రైతు, పక్క తోట అతనూ కిటికీ దగ్గరకొచ్చి నిలబడ్డారు, వంతు మార్చమని అడగడానికి. లోపల నేనున్నాను. ఆవిడ కుర్చీ ఉంది. కొంతసేపు చూసి, వంతు దాటిపోతోందని ఒకళ్లతో ఒకళ్లు అనుకుంటూ వెళ్లిపోయారు.

నన్ను కొనడానికి ఎవరూ రాలేదు. స్టోర్సులో పాత రోలరు బేరింగుల పక్కన పడేశారు. నూకరత్నం టౌనులో బట్టల షాపులో బిల్లులు కొడుతోందని, బేరింగుల కోసం వచ్చిన ఫిట్టర్లు అనుకుంటుంటే విన్నాను.

మళ్లీ దసరా వచ్చింది. గ్రీజు డబ్బా కోసం సన్యాసినాయుడు స్టోర్సులోకి వచ్చాడు. చేతిలో పూజ పళ్లెం. నన్ను చూసి ఆగాడు. అటూ ఇటూ చూసి, నా మీద దుమ్ము తుండుగుడ్డతో తుడిచాడు.

"ఆ పిల్లని తిట్టీసి ఎల్లిపోనాను రా ఆ రోజు," అన్నాడు. ఎవరితో అన్నాడో, నేనే ఉన్నాను అక్కడ. "ఇప్పుడు ఆగిపోయే ఉన్నావు కదా. ఇంక పూజకి అడ్డేటి?"

బొట్టు పెట్టాడు. బెల్లం ముక్క పెట్టి వెళ్లిపోయాడు.

ఆయన తలుపు వేసేలోపే చీమలు వచ్చాయి. బెల్లం దగ్గరికి ఒక వరస, ఫ్యాను సందులోంచి నా లోపలికి ఒక వరస. పళ్లేలు ఆవిడ ఇంట్లో ఉన్నాయి.