అంటించని కవరు

నల్లగండ్ల అపార్ట్‌మెంట్ల పిల్లలు నింపిన ఫారాలు అరవై రెండు. అందులో నలభై ఒక్క ఫారాల్లో అన్నీ సున్నాలే, అంటే ఏ దిగులూ లేదని. పిల్లల దిగులు మీద మూడేళ్లుగా పరిశోధన చేస్తున్నాను, ఇంత సంతోషంగా ఉన్న పిల్లల్ని ఎక్కడా చూడలేదు. ఒక పిల్లాడి తల్లైతే "కటాఫ్ ఎంతండీ?" అని మెసేజ్ కూడా పెట్టింది. నవ్వే ఓపిక కూడా లేదు నాకు.

తప్పు నాదే. పక్కపక్కన కూర్చోబెడితే పిల్లలు నిజం రాయరని ఫారాలు ఇళ్లకు పంపాను. పిల్లలే నింపి, కవర్లో పెట్టి అంటించి, గేటు దగ్గర డబ్బాలో వెయ్యాలి. తొమ్మిదో ప్రశ్న ఒక్కటి మాత్రం డబ్బా తెరిచిన రోజే చూసి తీరాలన్నది మా నియమం. బతకాలని లేదనిపించిందా అన్న ప్రశ్న అది. చూశాను. భయపడాల్సింది ఏదీ కనపడలేదు. హమ్మయ్య అనుకుని కట్ట కట్టి బీరువాలో పెట్టేశాను.

పన్నెండు రోజుల తర్వాత, నానక్‌రామ్‌గూడలో మా ఆఫీసు కిటికీ పక్కన కూర్చుని అంకెలు కంప్యూటర్లోకి ఎక్కిస్తుంటే ఒక ఫారం చేతికి గరుగ్గా తగిలింది. వెలుతురుకి ఎత్తి చూశాను. ప్రతి సున్నా పక్కనా రబ్బరుతో చెరిపిన జాడ, పెన్సిల్ నొక్కు. తొమ్మిదో ప్రశ్న దగ్గరైతే కాగితం చిరిగేంతగా రుద్దారు. అక్కడ మొదట ఉన్నది మూడు. అంటే, దాదాపు ప్రతిరోజూ.

పేరు రసజ్ఞ, పద్నాలుగేళ్లు.

ముందు మా ప్రాజెక్టులోని మానసిక వైద్యుడికి ఫోన్ చేశాను. పిల్లని ఈ సాయంత్రమే తీసుకురమ్మన్నాడు. షేర్ ఆటోవాడు "జర జరుగక్కా" అంటూ నలుగురి మధ్య నన్ను ఐదోదాన్ని చేశాడు. ప్రభువా, ఆ పిల్ల క్షేమంగా ఉండాలి, అని తప్ప దారంతా ఇంకో మాట నా మనసులోకి రాలేదు.

తలుపు తీసింది తల్లి సంయుక్త. చెవిలో ఇయర్‌ఫోన్, ఏదో మీటింగ్‌లో ఉంది. ఫారం చూపించాను.

"అదా అండి! తప్పులు పెట్టిందండి, నేనే దిద్దాను. పరీక్షల్లో కూడా ఇంతే, దానికి తొందరెక్కువ."

"ఇందులో తప్పొప్పులు ఉండవండీ."

"అలా కాదు మేడం. ఈ ఫారం స్కూల్‌కి వెళ్తుందేమో, రికార్డులో ఉండిపోతుందేమో అని..."

"తొమ్మిదోది చదివారా?"

ఆవిడ ఇయర్‌ఫోన్ తీసేసింది.

"చదివానండి. అడిగితే నిజమేనంటుందేమోనని భయమేసింది," అంది.

నాకు ఒళ్లు మండింది. పన్నెండు రోజులమ్మా, అని అరవబోయాను. కానీ ఆ పన్నెండు రోజులూ ఆ కాగితం నా బీరువాలోనే ఉంది.

అప్పుడే రసజ్ఞ స్కూల్ నుంచి వచ్చింది. ఒక మనిషి బూట్లు విప్పుకోవడం చూసి ప్రాణం లేచి రావడం నాకదే మొదటిసారి. ఆ పిల్ల నా చేతిలో ఫారం చూసింది.

"అమ్మ చెరిపిందా?" అని నన్నే అడిగింది.

తలూపాను.

"కవర్ నేను అంటించలేదు మేడం. కావాలనే అమ్మ లాప్‌టాప్ పక్కన పెట్టాను. చూసి అడుగుతుందనుకున్నా." గొంతులో కోపం కూడా లేదు, అలసట తప్ప. "పొద్దున లేచి చూస్తే అంటించేసి ఉంది."

సంయుక్త చూపు తిప్పుకుంది. "మీరు మాట్లాడుతూ ఉండండి, టీ పెడతాను," అంటూ వంటింటి వైపు నడిచింది. పిల్లతో ఒంటరిగా మాట్లాడాలన్నది మా ఇంకో నియమం, అందుకే నేనూ ఆపలేదు.

"అమ్మని ఉండమనండి," అంది రసజ్ఞ.

సంయుక్త గుమ్మంలోనే ఆగిపోయింది. తర్వాత వెనక్కి వచ్చి కూతురి పక్కన కూర్చుంది. నేను ఫారం విప్పి, ఎలా మొదలుపెట్టాలా అని గొంతు సవరించుకున్నాను. ఈలోపు ఆవిడే అడిగేసింది, కూతురి మొహంలోకి చూస్తూ, ఆగి ఆగి, తొమ్మిదో ప్రశ్న. ఫారం నా చేతిలోనే ఉంది. అయినా ఒక్క అక్షరం కూడా తప్పలేదు.