కొసముడి

ఎత్తైన గోడలకు రంగులు వేసే ఆ అన్నదమ్ముల పనిలో తండ్రి పెట్టిన నియమం ఒకటుంది. దిగేవాడు తన తాడుకు తాను ముడి వేసుకోకూడదు. పైన నిలిచేవాడు వేస్తాడు. దిగేవాడు లాగి చూసుకుంటాడు, తాడుకు వేలాడే పీట మీద కూర్చుంటాడు, గోడ వెంట మెల్లగా జారుతాడు. దిగబోయేవాడి మనసు అప్పటికే కింద ఉంటుందనీ, చేతులు మాత్రమే పైన మిగులుతాయనీ తండ్రి అనేవాడు.

అన్న ఆ నియమం తప్పి ఏడాది కావస్తోంది. తమ్ముడు ముడి వేస్తాడు. అన్న మారుమాట లేకుండా దాన్ని విప్పుతాడు. మళ్ళీ తానే వేసుకుంటాడు.

కారణం లేకపోలేదు. ముడి జారకుండా దాని వెనుక కొసతో మరో చిన్న ముడి వేయాలి. అదే కొసముడి. ఒకనాడు కింద నుంచి ఎవరో కేక వేస్తే, తమ్ముడు కొసముడి మరచి వెళ్ళిపోయాడు. లాగి చూసినప్పుడు నిలిచిన తాడు, బరువు పడగానే జారింది. అన్న కాలు విరిగింది. ఎడమచేతి వేళ్ళు రెండు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు.

అన్న మంచం దిగాక, తమ్ముడు చర్చిలో సంఘం ఎదుట మోకరించి ఏడ్చాడు. అన్న అతణ్ణి లేవనెత్తి, కౌగిలించుకుని, "క్షమించానురా" అన్నాడు. అందరూ స్తోత్రం చెప్పారు. అన్న అబద్ధమాడలేదు. ఆ క్షణాన గుండె నిజంగానే కరిగింది. చేతులు మాత్రం కరగలేదు.

ఆదివారం పాస్టరుగారు, ప్రభువు పట్టుబడిన రాత్రి ఆయన్ను ఎరుగనని బొంకిన శిష్యుడి గురించి ప్రసంగించారు. "ప్రభువు అతణ్ణి క్షమించి ఊరుకోలేదు. తన గొర్రెలైన విశ్వాసులను అతని చేతికే అప్పగించాడు" అన్నారు. అన్న తల వంచుకున్నాడు. ఆమేన్ అనలేదు.

ఇంటిదారిలో భార్య అడిగింది. "ఏమండీ, మీరు మీ తమ్ముణ్ణి క్షమించారా, జామీను మీద వదిలారా?"

"నీకు నవ్వులాటగా ఉంది. పడింది నేను."

"పడింది మీరే. నెలల తరబడి మంచం పక్కన కూర్చున్నది నేను. నాకు తెలీదా? అయినా ఆ అబ్బాయి ముఖంలో బాధ చూడలేకపోతున్నాను."

అన్న అడుగు వేగం పెంచాడు. కుంటికాలు సహకరించలేదు.

సోమవారం ఉదయం. ఆఫీసు భవనం మిద్దె మీద గాలి విసురుగా ఉంది. తమ్ముడు పిట్టగోడ వెనుక ఇనుప కమ్మీకి తాడు చుట్టి, ముడి వేసి, కొసముడి బిగించి, పక్కకు జరిగాడు. అన్న వంగాడు. వేళ్ళు అలవాటుగా ముడి మీదికి వెళ్ళాయి.

రోజూ మౌనంగా ఉండే తమ్ముడు ఇవాళ నోరు విప్పాడు. "అన్నయ్యా, నిన్న వాక్యం విన్నావు కదా."

"విన్నాను. గొర్రెలు తాళ్ళకు వేలాడవురా."

"ఒక్కసారి నా ముడి మీద దిగి చూడు."

"ఒకసారి చూశాను."

తమ్ముడి ముఖం పాలిపోయింది. అన్న ఆగలేదు. విసురుగా విప్పాడు, విసురుగా చుట్టాడు, లాగాడు. "నా తాడు జోలికి రాకు. ముట్టుకున్నావో, రేపటినుంచి పనిలోకి రానక్కర్లేదు" అంటూనే పిట్టగోడ దాటి, పీట మీద కూర్చుని దిగిపోయాడు.

గోడ సగం దాకా రంగు పడింది. కుంచె ఎడమకు చాచినప్పుడు పీట చిన్నగా అదిరింది. గాలి అనుకున్నాడు.

"అన్నయ్యా! కదలకు!"

తల ఎత్తాడు. తమ్ముడి ముఖం కనబడలేదు. గొంతు మాత్రం వినబడింది. "కొసముడి లేదు. తాడు జారుతోంది."

"వేశాను."

"లేదన్నయ్యా, నిజంగా లేదు. కొస బెత్తెడే మిగిలింది."

వేశానా? చేతులు గుర్తు తెచ్చుకోబోయాయి. గుర్తున్నది కోపం ఒక్కటే.

పీట మళ్ళీ అదిరింది. ఈసారి కాస్త కిందికి జారింది. పైన తమ్ముడు మూలగడం వినబడింది.

"నీ కాలి దగ్గర కింది కిటికీ సజ్జ ఉండాలి. దాని మీద నిలబడు. పై కిటికీ చువ్వలు పట్టుకో. బరువు తాడు మీద లేకపోతే, నేను మొత్తం విప్పి మళ్ళీ వేస్తాను."

"మొత్తం విప్పుతావా?"

"కొస చాలదు. విప్పాలి."

అంటే ఆ కాసేపు ఏమీ ఉండదు. చువ్వలు, చాలని వేళ్ళు, సజ్జ మీద కుంటికాలు, పైన తమ్ముడు. అంతే.

"అన్నయ్యా, ఎక్కువసేపు పట్టలేను."

అన్న కాలు చాచాడు. సజ్జ అందింది. రెండోకాలూ పెట్టి, చువ్వలను కౌగిలించుకున్నట్టు పట్టుకున్నాడు. ఎడమచేతి వేళ్ళు సగమే మూసుకున్నాయి.

"విప్పు" అన్నాడు.

పీట తాడు వదులైంది. అంత బరువు మోసే తాడు, దారప్పోగులా తేలికైపోయింది.

రోజూ చెప్పే ప్రార్థన పెదవుల మీదికి దానంతటదే వచ్చింది. పరలోకపు తండ్రీ అన్నాడు, ఆహారం అడిగాడు, క్షమాపణ దగ్గరకు వచ్చి ఆగిపోయాడు. తాను ఇతరులను క్షమించినట్టే తననూ క్షమించమని కదా ఇన్నాళ్ళూ అడుగుతున్నది! ఆ 'క్షమించినట్టే' ఎంత బరువైనదో ఇప్పుడు తెలిసింది. ప్రభువు కూడా తనను అందరి ఎదుట కౌగిలించుకుని, ఆపైన ప్రతి ఉదయం నమ్మలేక విప్పి చూస్తే? ఇవాళ తాను చేసిన తప్పు ఆనాడు తమ్ముడు చేసినదే, మరొకటి కాదు. వేళ్ళు జారుతున్నాయి. మిగిలిన మాటలు రాలేదు. "కరుణించు" అన్నాడు.

తాడు బిగిసింది.

"అయింది. లాగి చూడు!"

లాగాడు. నిలిచింది. పీట మీద కూర్చున్నాడు. నిలిచింది.

కింద దాకా దిగి, మెట్లెక్కి మిద్దె మీదికి వచ్చేసరికి, తమ్ముడు పిట్టగోడకు చేరగిలబడి ఉన్నాడు. అరచేతులు రెండూ తాడు ఒరుసుకుని ఎర్రగా కమిలిపోయాయి. జారుతున్న తాడును చేతులతోనే ఆపాడన్నమాట.

"ముట్టుకోవద్దన్నావు. ముట్టుకున్నాను" అన్నాడు తమ్ముడు. "పనిలోంచి తీసేస్తావా?"

అన్న పక్కన కూలబడ్డాడు. "నేనూ మరచిపోయానురా" అన్నాడు. "నన్నూ క్షమించు. సంఘం ముందు అడగమన్నా అడుగుతాను."

"వద్దులే. వదినకు తెలిస్తే ఇద్దరికీ గడ్డి పెడుతుంది."

నవ్వబోయారు. ఇద్దరికీ నవ్వు రాలేదు.

గుడ్డపీలికలతో అన్న ఆ అరచేతులకు కట్లు కట్టాడు. గోడ ఇంకా సగం మిగిలే ఉంది. తమ్ముడు తాడు తెచ్చి అన్న ముందు పెట్టాడు. "నువ్వే వేసుకో అన్నయ్యా. చేతులు మండుతున్నాయి."

"మెల్లగా వెయ్యి. ఆగుతాను."

తమ్ముడు వేశాడు, ఒక్కొక్క చుట్టునూ బిగిస్తూ, కొసముడి దాకా. అన్న నియమం ప్రకారం లాగి చూశాడు. చెయ్యి ముడి మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది. వేళ్ళకు విప్పడమే తెలుసు.

ఆ చేతిని వెనక్కి తీసుకుని, పిట్టగోడ దాటి, తన బరువునంతా పీట మీద వేశాడు.