దోర్కమ్మ కుంపటి

కార్తికమాసావసానమున వాయుగుండక్షుభితమైన తూర్పుసముద్రము తన గర్భజలమునెల్ల నాకసమునకెత్తి మరల లంకలపై గ్రుమ్మరించెనో యనునట్లు ఎడతెగక కురిసిన వర్షము నాటి సాయంకాలమున తుంపరగా మారినను కోతకు వచ్చిన వరిచేలు మునిగి బాటలు వాగులై తాటాకుటిండ్లలోని పొయ్యిలన్నియు చల్లారి క్రైస్తవులు కాపురముండు నా చిన్నపల్లె కప్పకూతయు కుక్కమొరుగుడును లేని యొకానొక ఘోరనిశ్శబ్దమున పడియుండెను. అట్టి వేళ నొక్క యింటికప్పునుండి మాత్రము సన్ననిపొగ లేచుచుండెను. అది వితంతువైన దోర్కమ్మ యిల్లు.

ఆ పొగను పొరుగువాకిట నిలిచి చూచుచున్న తీతయ్య దడికి దూరముగా జరిగెను. సందెవేళ నొకయింటి నిప్పుకణికను పిడకపై నిడుకొనిపోయి వేరొకయింట పొయ్యి రాజేసికొనుట ఆ పల్లెవారికి తాతలనాటి యాచారము. దోర్కమ్మ యెత్తుకొని ముద్దాడిన పసివాండ్రిద్దరు క్రిందటి వేసవిని జ్వరముచే మృతినొందగా ఆమెకు చిల్లంగి యను చేతబడి తెలియునని పుకారు పుట్టెను. అంతట సంఘపెద్ద యోబేదయ్య, పొరుగువారిని తమవలె ప్రేమింపవలెనని తానే చేసిన ప్రసంగపు తడి నాలుకపై నారకమున్నే, ఆమెకెవ్వరును నిప్పు నీయరాదని కట్టడి చేసెను. ఒక్క దడికావలనున్న పొరుగువాడు గావున ఆ కట్టడికి సమ్మతి తెలుపుచు తీతయ్య చేయి యందరికన్న ముందు లేచెను. అయినను నాటినుండి ప్రతిసాయంకాలమును ఆమె యింట పొగ లేచుచునే యుండెను. మనుష్యులెవ్వరు నీయని నిప్పు సైతానే యిచ్చుచున్నాడని పల్లె యంతయు నిశ్చయించుకొని నిశ్చింతగా నుండెను.

తీతయ్య యింటిలోపల నతని తల్లిలేని కూతురు సలోమి చలిజ్వరముతో వణకి వణకి యిప్పుడు వణకుటయు మానెను. దాని పాదములు నీటి యడుగు రాళ్లవలె చల్లబడుచుండెను. ఇంటనున్న యగ్గిపెట్టె నాని ముద్దయ్యెను. అంగడియున్న పెద్దయూరికి పోవు గట్టు తెగి కొట్టుకొనిపోయెను. వేడిగంజి యొక్క గ్రుక్కెడు కడుపులో పడనిచో బిడ్డ దక్కదని యెరిగిన తీతయ్య పండ్లు బిగించి దడిసందున దూరెను.

తలుపు త్రోయగా నా చీకటిలో నొక శవము కూర్చుండియున్నట్లు తోచెను. కప్పుచిల్లులనుండి నీరు ధారగా నెత్తిపై పడుచుండ, తాటాకు గొడుగును తనపై బట్టుకొనక ముందున్న యూకకుంపటిపై బట్టుకొని, కదలక మెదలక నున్న యా తడిసిన కట్టె నోరు విప్పెను.

“ఏరా తీతూ, దెయ్యాన్ని చూడ్డానికొచ్చావా? తలుపెయ్యి, గాలికి కుంపటి ఆరిపోద్ది.”

“అత్తా, పిల్ల చల్లబడిపోతంది. గంజి కాయాలి. ఓ కణిక...”

“నాకియ్యకూడదన్నాడు గానీ నాకాడ పుచ్చుకోకూడదన్లేదులే మీ పెద్ద. మర్చిపోయుంటాడు.” ఆమె కుంపటిని ముందునకు జరిపెను. “ముందే చెప్తన్నా. ఇది వల్లకాటి నిప్పు. కట్టడేసిన కాణ్ణించీ చితుల్లోదే తెచ్చుకుంటన్నా. వానకి ముందు పెద్దూరి మునసబుగారి తల్లిని తగలేశారే, ఇది ఆ చితిలోది. బతికున్నోళ్లు ఇయ్యం అన్నారు, సచ్చినోళ్లని అడిగా. ఆ ముసల్ది బతికుండగా నన్ను గడప తొక్కనిచ్చింది కాదు. పోయాక కాదనలేదు.”

తీతయ్య చాచిన చేయి వెనుకకు పోయెను. ఇన్నాళ్లును దడిమీదుగా వచ్చిన పొగలో తనకు తెలిసియు తెలియనట్టి యొక వాసన యుండెడిది. అదేమో యిప్పుడు తెలిసెను. బూడిదమాటున కణికలు కన్నులు విప్పి తన్నే చూచుచున్నట్లుండెను. అంతలో దడికావల సలోమి దగ్గెను. దగ్గు సగములో నాగెను. అతడు కుంపటిని రొమ్మునకు హత్తుకొనెను.

“నీకు కొంచెం ఉంచుతానత్తా.”

“కొంచెమైతే రెండుసోట్లా ఆరిపోద్ది. అంతా పట్టుకుపో. గొడుగు కూడాను.”

అతడు గడప దాటగానే ఆమెను చీకటి మ్రింగెను.

గంజి యుడికెను. చెంచా చెంచాగా త్రావిన బిడ్డకు నుదుట చెమట పట్టి ఊపిరి కుదురుపడెను. ఆ యింటిపొగను చూచి సంఘస్థులు పిడకలును పెంకులును చేతబట్టుకొని బురదలో కాళ్లీడ్చుకొనుచు వచ్చిరి. ముందు నిలిచినవాడు ఓబేదయ్య.

“దేవుడికి స్తోత్రం! అగ్గెక్కడిదయ్యా తీతయ్యా? మాకూ ఓ కణిక పడెయ్యి.”

అగ్గిపెట్టె యొకటి తడవక మిగిలెనని చెప్పిన సరిపోవును. ఆ మాట నాలుకచివరకు వచ్చెను గూడ. ఆ ముసలిది చీకటిలో తడియుచు కూర్చుండుట కన్నులకు కట్టి యది వెనుకకు పోయెను.

“దోర్కమ్మత్త ఇచ్చింది. చితిలో నిప్పు.”

అందరు నొక్కసారిగా వెనుకకు జరిగిరి. ఎవరిచేతిలోనో పెంకు జారి పగిలెను.

“ఆ నిప్పుమీద కాచి పిల్లకి పోశావా?” ఓబేదయ్య చాచిన పిడకను వెనుకకు లాగుకొనెను. “నీ కొంపక్కూడా కట్టడే, చెప్తన్నా!”

“ఏసుకో. కుంపటి ఆవిడింటికెళ్తంది. కావాల్సినోళ్లు అక్కడికి రండి.”

తన పొయ్యి తనకుంచుకొని కుంపటినిండ కణికలు పోసి బిడ్డను దుప్పటిలో చుట్టి భుజమున వైచుకొని తీతయ్య మరల దడి దూరెను. దోర్కమ్మ పండ్లు టకటక కొట్టుకొనుచుండెను. కుంపటి ముందు పెట్టి, ఆమె చేతులు కాచుకొని కొంత తేరుకొనువరకు కూర్చుండి, పిదప బిడ్డను భుజమునుండి దించి యామె యొడి చేరువకు బట్టెను. ఆమె భయముతో వెనుకకు ఒదిగెను.

“వద్దురా! నేనెత్తుకుంటే ఏమన్నా అయితే...”

“నా చేతులు మంచుగడ్డలత్తా. నీయి ఏడెక్కినాయి. పట్టుకో.”

చాలసేపటికి ఆ ముడుతలుపడిన చేతులు బిడ్డను చుట్టుకొనెను. బిడ్డ మేల్కొనక యామె రొమ్ములో మొగము దాచుకొనెను.

దడికావల మసకవెలుగున తడిసిన పిడకలు చేతబట్టుకొని సంఘమంతయు నిలిచియుండెను. లోపలికి రాదు, వెనుకకు పోదు. నీరుకారు ముఖములపై ఱెప్పపాటు సయితము కానరాదు.

“ఎవర్రా ఆళ్లు? బతికున్నోళ్లేనా?” యని దోర్కమ్మ మెల్లగా నడిగెను.

తీతయ్యకును అది తెలియలేదు. అతడు తలుపు మూయక కుంపటిలో మరికొంత యూక పోసెను.