ఆరో పేజీ అడుగున నాలుగు లైన్లు

ఉదయం పది ఇరవైకి ప్రూఫ్ రీడరు ఒక తప్పు పట్టుకున్నాడు. అది తనదే, పద్నాలుగేళ్ల నాటిది.

సాయంత్రం ఐదుకు ఆయన రిటైరవుతాడు. సొరుగు ఖాళీ చేస్తూ, మాటకొకటిగా తను రాసిపెట్టుకున్న పాత కార్డులు చదువుతున్నాడు. పత్రిక ఆరో పేజీ అడుగున, రోజుకో ఇంగ్లీషు మాట ఎలా పుట్టిందో నాలుగు లైన్లలో రాసేది ఆయనే. పేరు వేయరు. రెండు నిఘంటువులు ఒప్పుకుంటే తప్ప ఆయన రాయడు. కండను 'మజిల్' అనడం లాటిన్‌లో చిట్టెలుక అనే మాట నుంచి వచ్చిందని రాసిన రోజు ఆఫీసంతా చొక్కా చేతులు మడిచి ఎలుకల్ని ఆడించింది. అప్పటినుంచి అందరికీ ఆయన 'మూలం గారు'.

దర్జా అని అర్థం వచ్చే 'పాష్' కార్డు మీద నిఘంటువుల పేర్లు లేవు. ఆ రోజు కూతురికి జ్వరం. ఎవరో చెప్పింది రాసి ఇంటికి పరుగెత్తాడు: ఓడలో ఎండ తగలని గదులు తీసుకునే షావుకార్ల టిక్కెట్ల మీద, 'పోయేటప్పుడు ఎడమ వైపు, వచ్చేటప్పుడు కుడి వైపు' అనే నాలుగు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపి 'పాష్' అని ముద్ర వేసేవారని. అలాంటి టిక్కెట్టు ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు.

కార్డు పట్టుకుని ఎడిటరు గదిలోకి వెళ్లాడు.

"ఈ రోజే సవరణ వేద్దామండీ."

"పద్నాలుగేళ్లయింది. ఎవరికి గుర్తుంది మహానుభావా!"

"మీకుంది. మొన్న మీ వియ్యంకుడికి ఈ ఓడ కథే చెప్పారట."

ఎడిటరు నాలిక కరుచుకున్నాడు. "ఆయన చప్పట్లు కూడా కొట్టాడయ్యా! ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను? అయినా చోటేదీ? ఆ నాలుగు లైన్ల చోట రేపు మీ ఫొటో, మీ పేరు వేస్తున్నాం."

ప్రూఫ్ రీడరు కార్డును ఎడిటరు ముందు పెట్టాడు.

"ఫొటో తీసేయండి."

పేజీలు కట్టే అమ్మాయి తలుపు దగ్గరే నిలబడింది. "అయ్యో బాబాయ్! పిన్ని ఐదు కాపీలు చెప్పింది. పక్కింటావిడకి చూపించాలట."

"ఐదూ పంపించమ్మా. పొరపాటు ఒప్పుకున్న మొగుణ్ణి మీ పిన్ని ఎన్నడూ చూడలేదు."

ఎడిటరుకు నవ్వాగలేదు. "సరే, కానివ్వండి. వియ్యంకుడి సంగతి నేను చూసుకుంటా."

నాలుగున్నరకు పేజీ నకలు వచ్చింది. ఆయన నిలబడే చదివి, ఒక చోట కామా తీసేశాడు. ఐదు పదికి రిజిస్టరులో సంతకం పెట్టి, టిఫిన్ డబ్బా చంకన పెట్టుకుని మెట్లు దిగాడు.

బల్ల మీద భూతద్దం ఉండిపోయింది. దాని కింద ఆరో పేజీ అడుగు భాగం: 'పాష్: ఎలా పుట్టిందో తెలియదు. ఇదివరకు ఇక్కడ రాసిన ఓడ కథ తప్పు.' పక్కన ఎర్ర పెన్సిలుతో ఒక టిక్కు.