వంకర వేలి తొడుగు

పొడిగుడ్డతో మూడో ప్లాస్టర్ చేతిని కూడా తుడిచి, అరలో కిటికీ వైపు తిప్పి పెట్టింది పిన్ని. వర్క్‌షాపులో అందరికీ ఆమె పిన్నే. నిజంగా పిన్నీ అని పిలవాల్సిన వాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. వ్యోమగాముల గ్లౌజులు కుడుతూనే జుట్టు నెరిసిపోయింది. ఒక్కొక్కరి చేతికీ ప్లాస్టర్ అచ్చు తీసి, దాని మీదే తొడుగు సరిచూడాలి.

ఈ మూడు చేతుల వాళ్లూ నిరుడు ఇదే రోజున, తిరిగొస్తూ ఆకాశంలోనే కాలిపోయారు. ఇవాళ మైదానంలో సంస్మరణ సభ. పెద్దలంతా పూలు పట్టుకుని వెళ్లారు. పిన్నిని రమ్మన్న వాళ్లు లేరు. పైగా సాయంత్రానికల్లా అర ఖాళీ చెయ్యాలని, పాత అచ్చులు పగలగొట్టిస్తానని సూపర్‌వైజర్ చెప్పి వెళ్లాడు. ఆమెకూ ఉద్యోగంలో ఇదే ఆఖరి రోజు. ప్రమాదం జరిగినప్పటి నుంచి ప్రతి కుట్టునూ నలుగురు పరీక్షిస్తున్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే అనుకోబోయి, చప్పున నాలుక కరుచుకుంది.

మధ్యాహ్నం కొత్త బృందంలోని అమ్మాయి గ్లౌజులు వేసి చూసుకోవడానికి వచ్చింది. ఎడమ చేతిది తొడుక్కుంటూ ఆగిపోయింది.

"ఇదేంటి పిన్నీ, చిటికెన వేలు వంకరగా వచ్చింది?"

పిన్ని ఆ వేలిని పట్టుకుని చూసింది. ఆ ముగ్గురిలో, చిన్నప్పుడు సైకిల్ మీంచి పడి వేలు విరగ్గొట్టుకున్నవాడు ఒకడుండేవాడు. వెళ్లిన ప్రతిసారీ అతనికి తనే కుట్టింది. "నా వేలికి కుదిరిన సంబంధం నీ గ్లౌజొక్కటే పిన్నీ" అని నవ్వించేవాడు.

"తప్పైపోయిందమ్మా. కొలతలు నీవే తీసుకున్నా. చేతులేమో వాడి వేలికి కుట్టేశాయి. ఇంకా నీ అచ్చు మీద సరిచూడలేదు, పరీక్షకూ పంపలేదు. ఇప్పుడే ఇంకోటి కుట్టి ఇస్తా."

అరలో నడిమిదైన అతని చెయ్యి చూపించింది. పగలగొట్టేస్తారని చెబుతుంటే, ఏడాదిగా దిగమింగిన ఏడుపు తన్నుకొచ్చింది.

అమ్మాయి ఆ ప్లాస్టర్ చేతిని అందుకుని వంకర వేలిని తడిమింది.

"నేను తిరిగొచ్చేదాకా వీటిని ఎవరూ కదపొద్దని చెప్తాను. ఎగరబోయేవాళ్ల మాట కాదనరులే."

"మరి వచ్చాక?"

"వచ్చాక నేనే చూసుకుంటా పిన్నీ. వస్తానుగా."

అతనూ అలాగే చెప్పి వెళ్లాడు.

పొద్దు వాలేవేళకు కొత్త తొడుగు కుట్టి ఇచ్చింది. మిషను మీద గుడ్డ కప్పింది. సభ నుంచి ఎవరూ ఇంకా రాలేదు. గదికే "వెళ్లొస్తా" అని చెప్పి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

అరలో మూడు చేతులూ అలాగే ఉన్నాయి. నడిమి చేతికి, తప్పుగా కుట్టిన గ్లౌజు వంకర వేలి దాకా సరిగ్గా సరిపోయింది.