వీరవేణి ఒంటరి షికారు

కోనసీమ మనుషులు దేన్నయినా ఓర్చుకుంటారు గానీ, ఒక మనిషి ఊరికే ఒంటరిగా కూర్చుంటే మాత్రం ఓర్చుకోలేరు. అరుగు మీద ఎవరైనా కాసేపు మాట్లాడకుండా ఉంటే చాలు, ఒంట్లో బాగోలేదేమోనని ఒకరు, ఇంట్లో బాగోలేదేమోనని ఇంకొకరు వచ్చి పక్కన చేరతారు. అక్కడే పుట్టి పెరిగిన వీరవేణికి ఈ సంగతి తెలియనిది కాదు. కాకపోతే చాలా ఏళ్లు కువైట్‌లో ఉండి వచ్చిందేమో, కొంచెం మరిచిపోయింది.

కువైట్‌లో ఆవిడ ఒకే ఇంట్లో పనిచేసింది. వాళ్లు చెడ్డవాళ్లని చెప్పడానికి లేదు. తిట్టలేదు, కొట్టలేదు, తిండికి లోటు చెయ్యలేదు. అయితే వంటింటి పక్కన ఆవిడ పడుకునే గదికి లోపల గడియ ఉండేది కాదు. చంటిది ఏడిస్తే వీరవేణి, ముసలావిడకి దాహమేస్తే వీరవేణి, అర్ధరాత్రి చుట్టాలు దిగితే వీరవేణి. అందరికంటే ముందు లేచి, అందరూ పడుకున్నాక పడుకునేది. ఒక్కతే వీధి చివరిదాకా నడిచిన రోజు ఆవిడకి గుర్తులేదు.

ఒక ఎండాకాలం ఆ ఇంటివాళ్లు ఆల్ప్స్ కొండలకి షికారు వెళుతూ, పిల్లల్ని చూసుకోడానికి ఆవిణ్ణి కూడా వెంటబెట్టుకెళ్లారు. చుట్టూ మంచు కొండలు, నడుమ పచ్చటి లోయ, లోయలో వాగు. వీరవేణి వాటన్నిటినీ హోటల్ కిటికీలోంచే చూసింది. అక్కడికి ఒక తెల్లజుట్టు దొరసాని వీపున సంచితో నడుచుకుంటూ వచ్చింది. వాగు పక్కన చిన్న టెంటు వేసింది. బుల్లి పొయ్యి మీద టీ కాచుకుంది. బూట్లు విప్పి కాళ్లు ఎండలో పెట్టుకుని కూర్చుంది. ఊరికే కూర్చుంది. చంటిదానికి అన్నం తినిపిస్తున్న వీరవేణి, 'అయ్యో, ఈవిడకి ఎవరూ లేరు కాబోలు' అనుకుంది. సాయంత్రానికి ఆ దొరసాని తనలో తను ఏదో పాడుకుంటూ వాగులో కప్పు కడుక్కుంటుంటే, వీరవేణికి జాలి ఆవిడ మీద పోయి తన మీదే కలిగింది. ఎప్పటికైనా ఒక్కసారి నేనూ ఇలా వెళ్లాలి, నన్నెవరూ పిలవని చోట ఒక్క రాత్రి పడుకోవాలి అని ఒట్టు పెట్టుకుంది.

ఇప్పుడు పని మానేసి పి.గన్నవరం దగ్గర తన ఊరికి వచ్చేసింది. కోనసీమలో కొండలు లేవు, మంచుకొండల ఊసే లేదు. ఏరుంది, ఏటిగట్టుంది. వాళ్ల ఇంటి వెనకనుంచే ఆ గట్టు వైనతేయ పాయ పక్కనే వంపులు తిరుగుతూ, ఏరు సముద్రంలో కలిసే ఓడలరేవు దాకా పోతుంది. వీరవేణికి అది చాలు. కూతురు మమత ఫోన్లో ఆర్డరు పెట్టి టెంటు తెప్పించింది. దాన్ని పెరట్లో వేసి చూసుకుంటుంటే పక్కింటావిడ గోడమీంచి తొంగి చూసి, "మళ్లీ కరోనా ఏవన్నా వచ్చిందా అండీ? కామరాజుగారిని బయట పెట్టేత్తన్నారా?" అంది.

కామరాజు ఆవిడ భర్త. రొయ్యల చెరువు దగ్గర కాపలా పని. ఆవిడ ఒక్కతే ఓడలరేవు దాకా నడిచి వెళ్తుందన్న సంగతి వినగానే ఆయన మొహం చిన్నబోయింది.

"నేనేవన్నా అన్నానా?"

"లేదయ్యా."

"మా అక్క ఏవన్నా అందా?"

"ఎవరూ ఏవీ అన్లేదు. సరదాగా నడిచొత్తాను, అంతే."

"సరదాకైతే బస్సుంది కదా. నేనూ వత్తాను."

"నువ్వొత్తే అది నీ షికారైపోద్ది."

కామరాజుకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఇన్నేళ్లూ ఆవిడ లేకుండానే ఇల్లు లాక్కొచ్చిన మనిషి కదా, ఇంకో నాలుగు రోజులకి ఏం పోయిందిలే అనుకున్నాడు. టార్చిలైటులో కొత్త బ్యాటరీలు వేసి సంచిలో పెట్టాడు.

మార్గశిర మాసం. పొద్దున్నే ఏటి మీద మంచు పాలనురుగులా పరుచుకుని ఉంది. గట్టుకి ఒకపక్క కోతలైపోయిన చేలు, కుప్పలేసిన ధాన్యం. ఇంకోపక్క నీళ్లు, నీళ్ల మీద కొంగలు. వీరవేణి నడిచింది. అలసిపోతే కూర్చుంది. కూర్చోబుద్ధి కాకపోతే లేచింది. చింతచెట్టు నీడన అటుకులూ బెల్లమూ తిని, ఫ్లాస్కులో టీ తాగి, చెప్పులు విప్పి కాళ్లు ఎండలో పెట్టుకుంది. ఎంతసేపు కూర్చుందో ఆవిడే చూసుకోలేదు. కళ్లమ్మట నీళ్లొచ్చాయి. ఏ బాధా లేదు, హాయికే వచ్చాయి. తన కాళ్లు తనవేనని ఆవిడకి ఆ పూటే తెలిసినట్టయింది.

పొద్దుగూకే వేళకి గట్టు దిగువన ఒక టీకొట్టు కనబడింది. దాని ఓనరు ఉమామహేశ్వరి, ముప్పై దాటని మనిషి, మాట చక్కెర. కొట్టు పక్క జాగాలో టెంటు వేసుకోవచ్చా అని అడిగితే, "అయ్యో, దానికి అడగాలాండీ పిన్నిగారూ!" అంది. ఆ వెంటనే, "ఎక్కడిదాకా అండీ ప్రయాణం?" అంది.

"ఓడలరేవు దాకానమ్మా."

"అక్కడ చుట్టాలున్నారాండీ?"

"లేరు. ఊరికే."

ఊరికే అన్న మాట విని ఉమామహేశ్వరి టీ వడకడుతున్నదల్లా ఆగింది. "ఇంట్లో అందరూ బాగున్నారాండీ?"

"బాగున్నారు."

"అల్లుడుగారు మంచోరేనాండీ?"

"బంగారం."

"మరి మీవారూ..."

"ఇంట్లోనే ఉన్నారు. ఆయనకేం, నిక్షేపంలా ఉన్నారు."

అన్నీ బాగున్నాయనే కొద్దీ ఉమామహేశ్వరికి అనుమానం ముదిరింది. ఇంట్లో పోట్లాడి వచ్చిన ఆడమనిషి కనీసం ఒక్కరినైనా తిడుతుంది. ఎవర్నీ తిట్టడం లేదంటే వ్యవహారం చాలా దూరం వెళ్లిందన్నమాట. వేడివేడి అన్నం, గుత్తివంకాయ కూర తెచ్చి, ఆఖరి ముద్ద దాకా ఎదురుగా కూర్చుని తినిపించింది. ఆ తర్వాత వాళ్ల అత్తగారు నవారు మంచం మోయించుకొచ్చి టెంటు పక్కనే వాల్చుకుంది. "ఇంట్లో ఉక్కగా ఉందండీ" అందావిడ. మార్గశిరంలో ఉక్క! వీరవేణి టెంటులో అటు కదిలితే ఆవిడ దగ్గింది, ఇటు కదిలితే "నిద్ర పట్టలేదాండీ?" అని అడిగింది.

మర్నాడు గట్టు మీద కనబడిన ప్రతివాళ్లూ పలకరించారు. అదేం వింత కాదు. కానీ అందరూ ఒకే రకంగా పలకరించారు. ఒకాయన సైకిలు దిగి, "కష్టాలు ఎవరికి లేవండీ, అన్నీ సర్దుకుంటాయండీ" అని చెప్పి మళ్లీ సైకిలెక్కాడు. ఇంకొకావిడ అరటిపళ్లు చేతిలో పెట్టి, భుజం నిమిరి పోయింది. ఆ రాత్రికి ఒక ఊళ్లో టెంటు అసలు వెయ్యనే లేదు. చేతిలో సంచి లాక్కుని మరీ ఇంట్లో పడుకోబెట్టారు. మర్యాదకి ఏం అనగలదు? కడుపు నిండుతోంది, ప్రాణం మాత్రం ఉసూరుమంటోంది.

బోడసకుర్రు దాటాక గుట్టు బయటపడింది. కొబ్బరికాయలు వలిచే షెడ్డు దగ్గర భాస్కర్ అనే అతను బొండాం కొట్టి ఇచ్చి, కాస్త అవతలికి వెళ్లి ఫోనెత్తాడు. గొంతు తగ్గించాననుకున్నాడు గానీ, అతని తగ్గిన గొంతు ఏటి అవతలికి కూడా వినిపిస్తుంది.

"ఆయ్, ఇక్కడే ఉన్నారండీ. బొండాం తాగుతున్నారు. మొహం తేటగానే ఉందండీ. ఏటివైపే చూత్తన్నారు, అదే భయం. ఆయ్, ఆయ్, రేవు వైపు పంపించేక మీకు చేత్తానండీ."

వీరవేణికి అప్పుడు వెలిగింది. తను ఏట్లో దూకడానికి పోతోందనుకుంటున్నారు. ఒక ఊరివాళ్లు ఇంకో ఊరికి ఫోను చేసి, పిల్లకుంకని ఒడిలోంచి ఒడిలోకి మార్చినట్టు మారుస్తున్నారు. ఒళ్లు మండిపోయింది.

"ఏవయ్యా, నేను చావడానికి పోతన్నాననుకున్నారా?"

భాస్కర్ చెవులు మూసుకున్నంత పని చేశాడు. "అయ్యయ్యో, ఆ మాట ఎవరన్నారండీ! ఇంకో బొండాం కొట్టమంటారా అండీ?"

అతని మీద కోపం నిలబెట్టుకోవడం కష్టమే. అయినా నిలబెట్టుకునే నడిచింది. మిగిలింది ఒక్క రాత్రి. రేపు మధ్యాహ్నం బస్సుకి వచ్చేస్తానని కామరాజుకి మాటిచ్చింది. ఈ రాత్రి కూడా ఎవరో ఒకరు మంచం వేసుకుని దగ్గితే, ఇన్నేళ్లు దాచుకున్న కోరిక ఇంతటితో సరి.

ఓడలరేవు చేరేసరికి పొద్దు వాలుతోంది. సరుగుడు తోపు దాటితే ఇసుక, ఇసుక దాటితే ఏరూ సముద్రమూ కలిసే మొగ. దూరంగా గ్యాసు ప్లాంటు దీపాలు ఒకటొకటిగా వెలిగాయి. వీరవేణి టెంటు వేసుకుని ఇలా కూర్చుందో లేదో, చేతిలో క్యారేజీ, చంకలో చాపతో ఒకావిడ వచ్చింది.

"నా పేరు దుర్గమ్మండి. మాది చేపల వేటే. అదిగో, ఆ నీలం బోటు మాదే. మా ఆయన అంజిబాబు రేపు తెల్లారగట్ల దాని మీదే పోతాడండి. చేపల పులుసు తెచ్చేను, తినండి అక్కగారూ." అంటూనే చాప పరిచింది.

చాప చూడగానే వీరవేణికి మూడు రోజుల కోపమూ ఒక్కసారి పొంగింది. "తింటాను. తినేక మీరు ఇంటికెళ్లాలి. నాకే బాధా లేదు. నేను చావడానికి రాలేదు. ఒక్కదాన్ని పడుకుందావని వచ్చేను. ఎందుకు నన్నిలా కాపలా కాత్తన్నారు మీరందరూ?"

దుర్గమ్మ నొచ్చుకోలేదు. ఇసుక వైపు చూసింది.

"మా తోటికోడలు, లక్ష్మీతులసని ఉండేదండి. ఇదే ఇసకలో కూకుంది ఒక సాయంత్రం. ఏడవలేదు, ఏవీ లేదు. 'కూసేపు ఒక్కదాన్నే ఉంటానక్కా' అంది. పిల్లల గోలతో అలిసిపోయుంటాది, తెరిపిగా ఉంటాదని నేనే లేచి వెళ్లిపోయేనండి. మర్యాద చేసేననుకున్నాను." దుర్గమ్మ చాప మీద ఇసుక దులిపింది. "మళ్లీ చూళ్లేదండి దాన్ని. ఆ తరవాత ఈ గట్టంట రేవు రేవుకీ నేనే చెప్పి ఉంచేను. ఎవరన్నా ఒక్కరే కనపడితే నాకు ఫోను చెయ్యమని."

నవారు మంచం, గుత్తివంకాయ, అరటిపళ్లు, సైకిలాయన మాట, అన్నిటి మీదా ఉన్న కోపం ఎటు పోయిందో పోయింది. వీరవేణి దుర్గమ్మ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఇద్దరూ ఒకే క్యారేజీలోంచి తిన్నారు. తింటూ వీరవేణి అన్నీ చెప్పింది. గడియలేని గదీ, పిలుపులూ, కిటికీలోంచి చూసిన లోయా, దొరసానీ, అన్నీ. మొగుడికి కూడా ఇంత వివరంగా చెప్పలేదు.

దుర్గమ్మ అంతా విని, "అయితే మీకిప్పుడు సంతోషంగానే ఉందాండీ?" అంది.

"ఉందమ్మా. చాలా ఉంది. నువ్వు చాప చుట్టుకెళ్తే ఇంకా ఉంటాది."

దుర్గమ్మ ఫక్కున నవ్వింది. నవ్వు తగ్గాక మాత్రం లేవలేకపోయింది. చాప అంచు పట్టుకుని అలాగే కూర్చుంది. ఈ ఇసుకలో ఇంకో ఆడమనిషిని వదిలి వెళ్లడం ఆవిడకి ఎంత కష్టమో వీరవేణికి కనబడుతూనే ఉంది. ఉండిపొమ్మందామని నాలిక చివరిదాకా వచ్చింది. ఈలోగా దుర్గమ్మే లేచి చాప చుట్టేసింది.

"నమ్మి వెళ్తన్నానండి అక్కగారూ" అంది.

"నమ్మమ్మా" అంది వీరవేణి.

సరుగుడు తోపు దాకా వెళ్లేలోపల దుర్గమ్మ ఎన్నోసార్లు వెనక్కి చూసింది. చూసినా ఆగలేదు.

వీరవేణి టెంటు జిప్పు వేసుకుంది. కెరటాల చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఎవరూ పిలవలేదు, ఎవరూ దగ్గలేదు. ఏదో ఆలోచించుకుందామనుకుంది గానీ, అంతలోనే నిద్ర ముంచుకొచ్చింది. చిన్నప్పుడు అమ్మ పక్కన పడుకున్నట్టు, ఒళ్లు తెలియని నిద్ర.

మెలకువ వచ్చేసరికి టెంటు గుడ్డ ఎండకి వెచ్చబడిపోయి ఉంది. ఇంతసేపు పడుకోవడం ఆవిడ ఎరగదు. గాభరాగా జిప్పు తీసి బయటికి వచ్చింది. వేట పడవలన్నీ ఎప్పుడో తెల్లవారుజామునే, నీళ్లు సముద్రంలోకి తీసే ఆటుతో పాటు మొగ దాటిపోయి, దూరాన చుక్కల్లా కనబడుతున్నాయి. పోటు మొదలై నీళ్లు తిరగబడితే మొగ దగ్గర కెరటం లేస్తుందనీ, అప్పుడు దాటడం పెద్ద తిప్పలనీ ఆవిడకి తెలుసు. అందుకే ఎవరూ ఆగరు.

ఒక్క పడవ మాత్రం ఆగి ఉంది. నీలం పడవ. ఇంజను ఆపి, లంగరు వేసి, టెంటుకి ఎదురుగా నిలబడింది. అందులో దుర్గమ్మ మొగుడు అంజిబాబు టెంటు వైపే చూస్తూ కూర్చుని ఉన్నాడు. కేక వేసి లేపలేదు, ఒడ్డుకి వచ్చి పిలవలేదు.

వీరవేణి బయట నిలబడడం చూసి అతను లేచాడు. జేబులోంచి ఫోను తీసి, దుర్గమ్మకే కాబోలు, ఏదో ఒక్క మాట చెప్పాడు. లంగరు లాగి, ఇంజను వేసి, అప్పటికే లేస్తున్న కెరటాల మీదికి పడవని తిప్పాడు.

ఇన్నేళ్లూ అందరికంటే ముందు ఆవిడే లేచింది. ఆవిడ లేచేదాకా ఎవరైనా ఆగడం ఆవిడ ఎరగదు. వీరవేణి రేగిన జుట్టుతో, ముడతలు పడ్డ చీరతో, ఇసుకలో నిలబడి, పడవ మొగ దాటేదాకా రెండు చేతులూ జోడించి ఉంచింది.