ఒరిగిన నడక

బస్తాలు మోసే ముఠా పనికి మనిషిని పెట్టుకునేటప్పుడు నేను వాడి మాటలు వినను, నడక చూస్తాను. ఏళ్ళ తరబడి ఒకే భుజాన మిరప టిక్కీలు మోసినవాడు ఖాళీ చేతులతో వచ్చినా ఓ పక్కకు ఒరుగుతాడు. అలాంటి నడుము ఎప్పుడు పట్టేస్తుందో చెప్పలేం. వద్దని పంపేస్తాను.

గురువారం పొద్దున టీ గ్లాసు పట్టుకుని గోడౌన్‌లోంచి వస్తున్న మా అమ్మాయి సైమాలో ఆ నడక కనిపించింది.

సైమా ఎయిర్ రైఫిల్ షూటర్. ప్రత్తిపాడులో పత్తి ఖాళీ అయిన మా గోడౌన్‌లోనే సాధన. ఆదివారం విజయవాడలో రాష్ట్ర జట్టు ఎంపిక. జూనియర్లలో తనకిదే ఆఖరి అవకాశం.

నా భుజం మీది తువ్వాలు కింద జారవిడిచాను. "ఆ తువ్వాలు పడిపోయింది, తియ్యమ్మా."

నడుము వంచలేదు. నిటారుగా మోకాళ్ళ మీద కూర్చుని తీసింది.

"ఎప్పట్నుంచి?"

"ఏంటి ఎప్పట్నుంచి?"

"నా దగ్గరా బేరాలు?"

"రంజాన్ నుంచి," అంది, నేల చూస్తూ.

మా ఆవిడ కరీమున్ వంటింట్లోంచే అందుకుంది. "టిక్కీలో తేమ ఉంటే వాసన పట్టేస్తారు. ఇంట్లో పిల్ల సంగతి ఇన్నాళ్ళకా?"

కోచ్ కరుణాకర్ గారిని పిలిపించాను. ఆయన సైమా వీపు నొక్కి చూసి తల పట్టుకున్నాడు.

"తుపాకీ బరువు ఆపాలంటే వెనక్కి వాలి, ఓ పక్కకు తిరిగి నిలబడాలండి. పొద్దస్తమానం అలాగే ఉంటే నడుం ఊరుకోదు. అందుకే మధ్యమధ్యలో ఆ బిగుతు జాకెట్ విప్పి రెండోవైపు వంగమన్నాను. పొట్టకీ వీపుకీ కసరత్తులు చెప్పాను. ఏమ్మా, చేశావా?"

"ఆ టైముకి ఇంకొన్ని షాట్లు కాల్చొచ్చు కదా సార్."

"కాల్చావుగా! ఇప్పుడు వంగు చూద్దాం."

గుంటూరులో డాక్టరు నడుముకి స్కానింగ్ తీయించి, డిస్కు దాకా పోలేదన్నాడు. ఇప్పుడు ఆపితే తగ్గుతుంది, ఆపకపోతే పూచీ లేదన్నాడు.

దారిపొడుగునా సైమా బతిమాలింది. "ఒక్క ఆదివారం నాన్నా. సూది వేయించుకుని కాల్చేస్తా. తర్వాత ఎన్నాళ్ళు పడుకోమన్నా పడుకుంటా."

"జట్టులోకి వస్తే పడుకోనిస్తారా? క్యాంపులో పొద్దున్నుంచి నిలబెడతారు."

"రేటున్నప్పుడు ఎప్పుడైనా సరుకు ఆపావా నువ్వు?"

సరుకు పోతే మళ్ళీ కొనుక్కుంటాను. ఈ అవకాశం పోతే తిరిగి రాదని తెలుసు. నడుమూ అంతే. రెంటిలో ఏది పోయినా పూడ్చలేనప్పుడు, రేపు కూడా కావలసినదాన్ని ఉంచుకోవాలి. వేరే లెక్క నాకు చేతకాదు.

"మీ ఇష్టం సాహెబ్ గారూ," అన్నాడు మాతోపాటే వచ్చిన కరుణాకర్, సైమా వైపు చూడకుండా.

"పేరు తీసేయండి."

సైమా రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆదివారం సాయంత్రం నడవాలో చాప పరుచుకుని కసరత్తు మొదలుపెట్టింది. వెల్లకిలా పడుకుని నెమ్మదిగా నడుము పైకెత్తుతోంది. పక్కనే ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. చూసుకుని నాకు అందించింది.

ఎంపికైన ఆఖరి అమ్మాయి స్కోరు. మా గోడౌన్‌లో సైమా రోజూ కొట్టేదానికన్నా తక్కువ.

"చూశావా?" అంది.

"చూశాను."

ఫోన్ లాక్కుని బోర్లా పెట్టి, పళ్ళు బిగించి మళ్ళీ నడుము ఎత్తింది. ఈసారి సగం దాకా కూడా లేవలేదు.